సగటు రూపాయి యెవరి జేబులోనిది?

(నంద్యాల పఠనమందిరమునందును, పిదప ఆళ్లగడ్డయందును గావించిన యుపన్యాసము. ఆ రెండు సభలలో అడిగిన ప్రశ్నలకు చెప్పిన సమాధానములు గూడ నిందు చేర్పబడినవి.)



ప్రజల ఆదాయములు ఏ తీరున పంచబడుచున్నవో చెప్పుమని ఈ సాయంకాలము మమ్ము పిలిచినారు. మేము అర్థశాస్త్ర పండితులము కాము. కోర్టు వరండాలలో తల నెరయుచున్న న్యాయవాదులము. తీరిక దొరకినపుడు ఉద్యమమున జెండా మోయు వాలంటీరులము. కావున గ్రంథమున చదివినదానితో గాక, వకాల్తు పుచ్చుకొన్నదానితో ఆరంభించెదము.

కొన్ని యేండ్ల క్రిందట ఆళ్లగడ్డ వైపు పల్లెనుండి ఒక యాడుకూతురు మా యొద్దకు వచ్చెను. ఆమె భర్త నంద్యాలలో బస్తాలు మోయు హమాలీ. తెల్లవాఱుజామున పనికి పోవుచు లారీ క్రింద పడి మరణించెను. మోటారు వాహనముల చట్టము ననుసరించి పరిహారమునకు దావా వేసితిమి. ఆ చట్టమున ప్రాణమునకు వెలకట్టు విధానము ఒక గుణకారము. చనిపోయినవాడు ఏటికెంత సంపాదించుచుండెను? అందులో తన ఖర్చు పోను ఇంటికెంత ఇచ్చుచుండెను? వాని వయస్సును బట్టి దానిని ఎంతతో హెచ్చింపవలెను? తక్కిన రెండంకెలును దొరకినవి. మొదటి యంకెయే దొరకలేదు. భీమా కంపెనీ తరపు న్యాయవాది లేచి, "ఇతని ఆదాయమునకు ఆధారమేమి?" యని యడిగెను. ఆయన తన పని తాను చేసెను. ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాని మా చేతిలో జీతపు చీటీ లేదు, బ్యాంకు జమలు లేవు. పన్ను రిటర్ను అనుమాట ఆ యింట ఎన్నడును వినబడలేదు. పదునెనిమిది యేండ్లు నంద్యాల బియ్యమును, శనగలను, ప్రత్తిని వీపున మోసినవాడు, ప్రభుత్వపు కాగితములలో ఒక్క రూపాయియు సంపాదింపలేదు!

అట్టివారికై చట్టములో "ఊహాదాయము" అను నొక మాట కలదు. సంపాదన లేనివారికై 1994లో ఆ చట్టమునకు చేర్చిన షెడ్యూలు ఏటికి 15,000 రూపాయలని యూహించెను. ధరలన్నియు పెరిగినను ఆ యూహ మాత్రము ఏండ్ల తరబడి కదలలేదు. అది కాలము చెల్లినదని 2013లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చెను, 2018లో గాని ఆ షెడ్యూలు మాఱలేదు. కూలివాడు నెలకు 4,500 రూపాయలు గడించెనన్నమాట, కాగితము లేకున్నను, నమ్మదగినదేయని 2011లో అదే న్యాయస్థానము ఒక తీర్పులో చెప్పెను. మేమా తీర్పును చేతబట్టుకొని వాదించితిమి. ఆ దావా యేమయ్యెనో తుదకు విన్నవించెదము.

ఆ వారములోనే మఱియొక కక్షిదారు వచ్చెను. కాలువ క్రింద చాల యెకరముల మాగాణి గలవారు. పొలమంతయు కౌలునకిచ్చి పట్టణమున నివసించువారు. వారి కాగితములును చూచితిమి. ఆదాయపు పన్ను లెక్కలో వారి పొలముమీది రాబడియు సున్నయే. ఇందు వారి దోషమేమియు లేదు. వ్యవసాయ భూమిపై వచ్చు కౌలు గూడ వ్యవసాయాదాయమే. దానికి చట్టమే మినహాయింపు నిచ్చినది. ఇక ఆ రెండు దావాల కాగితములను టైపు చేసిన గుమాస్తా యింటి ఉపాధ్యాయురాలి సంగతి చూడుడు. ఆమె జీతము పైసతో సహా సర్కారునకు తెలియును. చేతికి రాకమునుపే పన్ను తెగిపోవును.

సభాసదులారా! మా మనవి యంతయు ఈ మూడు కాగితములలో నున్నది. మన దేశమున మిక్కిలి క్రిందనున్నవాని ఆదాయమును వ్రాయువాడు లేడు. పైనున్నవారిలో ననేకుల ఆదాయమును వ్రాయనక్కఱ లేదు. నడుమనున్న నెలజీతగాని ఆదాయము మాత్రము అద్దములో కనబడును. వ్రాయబడనిది పంపకమునకు రాదు. పంపకమును గూర్చి తెలియని జనులకు సగటును చూపి సంతోషపడుమని చెప్పుట సులభము.

ఈ సగటు అననేమో చూతము. ఈ చావడిలో మనము నూరుగురము కూర్చున్నామనుకొందము. దేశమందలి పెద్దవారి ఆదాయమంతటిని నూరు రూపాయలుగా చేసి, దేశమున ఏ తీరున చేరుచున్నదో ఇచ్చట నదేతీరున పంచెదము. నితిన్ కుమార్ భారతి, లూకా ఛాన్సెల్, థామస్ పికెట్టి, అన్మోల్ సోమంచి యను నలుగురు 2024లో ప్రకటించిన లెక్కను ఆధారముగా గొనుచున్నాము; అది 2022–23 సంవత్సరపు లెక్క, పన్ను తీయక మునుపటి ఆదాయముల లెక్క. మొదట నొక్కరు లేచి 22 రూపాయల 60 పైసలు తీసికొందురు. వారి వెనుక తొమ్మండుగురు లేచి 35 రూపాయల 10 పైసలు తీసికొందురు. తలకు 3 రూపాయల 90 పైసలు. తరువాతి నలువదిమందికి 27 రూపాయల 30 పైసలు. తలకు 68 పైసలు. ఇక గోడవారగా నిలిచియున్న యేబదిమందికి 15 రూపాయలు. తలకు 30 పైసలు. ముందు లేచిన యొక్కరి వాటా, వెనుక నిలిచినవారిలో డెబ్బదియైదుగురి వాటాతో సమానము. కాని వెనుక నిలిచినవారు ఏబదిమందియే కదా!

నూరు రూపాయలు, నూరుగురు మనుష్యులు. సగటు ఒక్క రూపాయి. ఆ సగటు రూపాయి చేతికి రావలెనన్న, క్రిందనుండి లెక్కించి దాదాపు తొంబదిమందిని దాటవలెను. కాగితముమీద ఆ సగటు ఏటికి తలకు 2 లక్షల 35 వేల రూపాయలకు చేరువ. క్రింది సగము జనుల సగటు మాత్రము 71 వేలు. ఇంకను పైకి చూచినచో, దేశమందలి 92 కోట్ల పెద్దవారిలో పదివేలమందికి తలకు ఏటికి 48 కోట్ల రూపాయలు. "తలసరి ఆదాయము పెరిగినది" అని పత్రికలో చదివి, "మా యింటికి రాలేదే!" యని యాశ్చర్యపడు మిత్రులు తమ యింటి చిరునామా తప్పని భావింపనక్కఱ లేదు. అది తొంబది యిండ్లకు వచ్చునది కాదు.

"పన్ను తీయకమునుపు" అనుమాటను గమనింపుడు. పన్ను వేసిన పిదప, రేషను బియ్యము, పింఛను మొదలగునవి ఇచ్చిన పిదప, ఎవరి చేతిలో నెంత మిగిలెనన్నది వేఱు ప్రశ్న. దానిని గూర్చి శాసనసభలలో వాదోపవాదములు నిత్యము జరుగుచున్నవి. అంతకుముందే, పొలములో, కాలువగట్టున, కమీషను మండీలో, అప్పుపత్రములో మొదటి పంపకము జరిగిపోవును. పన్ను కట్టు కట్టుట వంటిది. గాయము అంతకుముందే తగిలియున్నది. గాయమెచ్చట తగిలినదో చూడక కట్టు పొడవును గూర్చియే తగవులాడు వైద్యుని మనము మెచ్చము.

మన నంద్యాల పొలములోనే చూతము. కె.సి. కాలువ క్రింద నొక యెకరము వరి. లెక్క కొఱకు ముప్పది బస్తాలు పండినవనుకొందము. అంకెలను మీమీ పొలములకు తగినట్లు మార్చుకొనుడు. కౌలు పండ్రెండు బస్తాలు. విత్తనము, ఎరువు, మందు, దుక్కి, కూలి, కోత యంత్రము కలిసి పండ్రెండు బస్తాల వెల. ఎరువునకు అప్పు తెచ్చినందుకు వడ్డీ రెండు. మిగిలిన నాలుగు కౌలురైతువి. ఒక యేడు కుందూ పొంగి ఎనిమిది బస్తాల పంట పోయినది. కౌలు పండ్రెండు పండ్రెండే. వడ్డీ రెండు రెండే. కౌలురైతు నాలుగు బస్తాలు పోయి, సున్నకు దిగువ మఱి నాలుగు బస్తాలు. వాన యందఱి పొలముమీదను సమానముగనే కురిసినది. నష్టము మాత్రము ఒక్కని నెత్తిని వెదకుకొని వచ్చినది. ఇందు సర్కారు పన్ను ఎచ్చటనైన కలదా? లేదు. పన్ను అధికారి నిద్ర లేవకమునుపే పంపకము ముగిసినది.

మఱి ఆ కౌలురైతును చట్టము గుర్తింపలేదా? గుర్తించినది. 2011లో సాగుదారులకు రుణార్హత కార్డుల చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును మన శాసనసభ చేసినది. అయితే 2019 చట్టము కార్డునకై భూమి యజమాని సంతకముతో ఒప్పందమును కోరెను. నోటిమాటపై సాగుచేయువాడు సంతకమడిగినచో వచ్చు ఏటికి పొలము మఱియొకనిదగును. ఇట్లు కౌలురైతు గూడ మా హమాలీ వలెనే వ్రాయబడనివాడయ్యెను.

భూమి తరువాత నీరు. ఈ కాలువ చరిత్రయే యొక పాఠము. 1863లో పని మొదలిడి 1870 ప్రాంతమునకు కర్నూలు–కడప కాలువను త్రవ్వినది మదరాసు ఇరిగేషను కంపెనీ. ఆ కంపెనీకి పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీ సర్కారు హామీతో నుండెను. నీరు పాఱకమునుపే వడ్డీ పాఱెను! కాలువ లాభింపకున్నను లండను వాటాదారుల ఆదాయము తగ్గలేదు. తుదకు 1882లో సర్కారే దానిని కొనవలసివచ్చెను. ఆ నడుమనే 1876–78 కాటకము వచ్చెను. 1877లో సర్ రిచర్డు టెంపుల్ కఱవు పనులలోని మగవానికి దినమునకొక పౌను ధాన్యమును, కొంచెము చిల్లరయు చాలునని కూలి నిర్ణయించెను. అది చాలదని వైద్యాధికారి కార్నిషు వాదించెను. కర్నూలు జిల్లా జనము 1871లో 9 లక్షలకు పైబడియుండగా, 1881 జనాభాలెక్కకు 7 లక్షల లోపునకు దిగెను. ఒకే జిల్లా, ఒకే దశాబ్దము: ఒకరికి నూటికి అయిదు హామీ, ఒకరికి పౌను ధాన్యము. ఆ కాలపు సగటును లెక్కవేసి చూచిన నేమి తెలియును?

నేటికిని కథ ముగియలేదు. బచావత్ ట్రిబ్యునలు 1976లో ముగించిన తీర్పున కె.సి. కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీరు చెప్పబడెను. కాగితమున నున్న నీరు కాలువకొనకు చేరిన యేడు చివరి పొలముల రైతు రెండు పంటలవాడు. చేరని యేడు కూలి వెదకుకొనుచు బండి యెక్కువాడు. శ్రీశైలము జలాశయమునకై వందకు పైగా గ్రామములు మునిగెను. 1981లో ఆ యూళ్లను వదలి వచ్చినవారు మనలో నున్నారు. వారి భూమి నీటి క్రిందికి పోయెను, ఆ నీరు వారి భూమికి రాలేదు. 2016 మే 31న సిద్ధేశ్వరము అలుగునకు రైతులు తమ చేతులతో శంకుస్థాపన చేయ బయలుదేఱినపుడు జనులు రాళ్లు సిమెంటు కొఱకు పోలేదు. తమ ఆదాయపు మొదటి యంకెను తామే వ్రాసికొనుటకు పోయిరి.

మూడవది అప్పు. కేంద్రప్రభుత్వపు శాంపిలు సర్వే 2018–19లో సేద్యగాండ్ర కుటుంబములను విచారించెను. ఆంధ్రప్రదేశమున అట్టి కుటుంబపు నెల ఆదాయము సగటున 10,480 రూపాయలు. నూటికి 93 కుటుంబములు అప్పులో నున్నవి. సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశమున నిదియే మొదటిస్థానము. ఆదాయములో మనము నడితరమునను, అప్పులో అగ్రపీఠమునను గూర్చున్నాము. రెండేండ్లు ఏమియు తినక కట్టినను ఆ యప్పు తీఱునదేకాని, అందుచే ఆకలి తీఱునది కాదు.

ఈ లెక్కలు వేయుట మనవారికి క్రొత్త గాదు. దాదాభాయి నౌరోజీ 1867–68 సంవత్సరమునకు బ్రిటిషిండియా తలసరి ఆదాయము 20 రూపాయలని తేల్చి, చెఱసాలలో ఖైదీకి పెట్టు తిండిగుడ్డల ఖర్చుతో దానిని పోల్చి చూపెను. 1901లో లార్డు కర్జను 30 రూపాయలనెను. విలియం డిగ్బీ 18 రూపాయలకు మించదనెను. ఆ పోరు సగటును గూర్చిన పోరు. పరాయి యేలుబడిలో అదియు నవసరమే. కాని సగటులో నెవరి వాటా యెంత యని గట్టిగా అడిగినవారు 1924లో కె.టి. షా, ఖంబాటా. నూటికొక్కరు దేశపు సంపదలో మూడవ వంతును అనుభవించుచున్నారని, నూటికి అఱువదిమందికి పైగా జనులకు దక్కునది నూటికి 30 వంతులేయని వారు లెక్కగట్టిరి.

ఇచ్చటనే నంద్యాల సభలో నొక యువకుడు లేచి, "అయ్యా, చేతి వ్రేళ్లన్నియు సమానముగా నుండునా? ఎక్కువతక్కువలు ప్రకృతిధర్మము కాదా?" యని యడిగెను. మంచి ప్రశ్న. ఇటలీ పండితుడు విల్ఫ్రెడో పరేటో గూడ నించుమించు అట్లే తలచెను. ఆయన 1890 దశకమున పలుదేశముల పన్ను లెక్కలను ముందు వైచుకొని, ఆదాయపు మెట్టు పైకి పోవుకొలది జనుల సంఖ్య ఒక లెక్క ప్రకారము తగ్గుచున్నదని, ఆ తీరు దేశదేశమునను ఒక్కపోలికగా నున్నదని కనిపెట్టెను. ప్రకృతిధర్మమే యైనచో కాలముతో మాఱగూడదు. మన దేశములో నేమి జరిగెనో వినుడు. 1922 నుండి ఆదాయపు పన్ను లెక్కలు దొరకుచున్నవి. వానినిబట్టి నూటికొక్కరి వాటా 1930 దశకము చివర 20 వంతులకు పైబడెను. 1982 నాటికి 6 వంతులకు దిగెను. 2022–23కి 22 వంతులు దాటెను. చేతి వ్రేళ్లు నలువదియేండ్లలో మూడింతలు పెరుగునా? మనుష్యుడు చేసిన చట్టములవలనను, విడిచిన చట్టములవలనను ఇది జరిగెను.

న్యాయముగా రెండు మాటలు చేర్పవలెను. 1973–74లో పై ఆదాయములపై పన్ను సర్‌చార్జితో కలిసి నూటికి 97.75 వఱకు పోయెను. అంత పన్ను ముందు నిలిచినపుడు ఆదాయము చీకటిలో దాగుట సహజము. కావున 1982 నాటి 6 వంతులలో కొంత నిజమైన తగ్గుదల, కొంత దాపఱికము. మఱియు నాడు పేదవాడు సుఖముగా నుండెనని మేము చెప్పము. రోడ్లు, బడులు, దీపములు, పండు పంటలు నేడు పెరిగినవి. మా మాట యొక్కటే: పెరిగిన దానిలో వాటా యెంత యని యడుగుట పెరుగుదలను ద్వేషించుట కాదు. ఉమ్మడి కుటుంబములో పొలము పెరిగినదని చెప్పి పాలు చెప్పని పెద్దను తమ్ములు లెక్క అడుగుటలేదా?

ఒక పెద్దమనుష్యుడు మఱియొక సంశయమును తెలిపెను. "ప్రపంచమున సమానత్వములో మనది నాలుగవ దేశమని 2025లో పత్రికలలో చదివితిమి. మీరేమో యిట్లనుచున్నారు. ఏది నిజము?" రెండును అంకెలే, కొలిచిన వస్తువులు వేఱు. ఇటలీవాడైన కొరాడో గినీ 1912లో నొక సూచిని ఏర్పఱిచెను: అందఱికి సమానముగా వచ్చినచో సున్న, ఒక్కనికే అంతయు పోయినచో నూరు. 2022–23లో మనవారి ఖర్చులపై ఆ సూచి 25.5, నాలుగవ స్థానము దానిపైనే చెప్పబడెను. ఆదాయములపై ఆ సూచి 2023లో 62 అని ప్రపంచ అసమానతల గణాంకశాల చెప్పుచున్నది. ఆ యంకెను ప్రపంచబ్యాంకు గూడ తన పత్రములో పేర్కొన్నది. పేదవాడు ఆదాయము లేకున్నను తినవలెను. అప్పు చేసియైన తినును. కలవాడు ఎంత వచ్చినను రెండు కడుపుల తిండి తినలేడు. మిగిలినది భూమియగును, వడ్డీయగును, వాటాలగును. విస్తరిని చూచి కొట్టును అంచనా వేయరాదు. నూటికి 93 సేద్యపుటిండ్లు అప్పులో నున్న రాష్ట్రమున ఈ సంగతి చెప్పనక్కఱలేదు.

ఆళ్లగడ్డలో నొక వృద్ధురాలు అడిగిన ప్రశ్న మమ్ము కొంచెముసేపు మూగవానిని జేసెను. "నాయనా, నేను నలువదియేండ్లు వండి వార్చి, బఱ్ఱెలను సాకి, ముగ్గురు బిడ్డలను పెంచితిని. నీ నూరు రూపాయలలో నా వాటా యేది?" అవ్వా, ఆ నూరు రూపాయలలో నీ పని చేరనేలేదు. 2001లో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యములో గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలు వెలకట్టెను. అదియు ఆమె చనిపోయిన పిదప. బ్రతికియుండగా సున్న, చనిపోయినచో మూడువేలు! అదే యూరిలో శిల్పుల ఉలిచప్పుడు వినుచు నడచితిమి. దేవుని విగ్రహము దూరదేశమున గుడిలో నిలుచునప్పటికి దాని వెల పలుమార్లు పెరిగియుండును. ఉలి పట్టినవాని కూలి మాత్రము మొదటనే తెగియుండును. ఆ విగ్రహము వెలలో తన వాటా యెంతయో శిల్పికి చెప్పువాడును లేడు.

ఇట్లు లెక్క చెడుటకు సర్కారు ఎంత కారణమో మనమును అంత కారణము. 1860లో జేమ్సు విల్సను మన దేశమున ఆదాయపు పన్నును ప్రవేశపెట్టినపుడు పొలముమీది ఆదాయమును విడువలేదు. శిస్తు కట్టుచున్నాడు గదా యని 1886 చట్టము విడిచెను. నేడు శిస్తు పేరునకు మిగిలినది, మినహాయింపు చెక్కుచెదరలేదు. ఆ పన్ను వేయు నధికారమును రాజ్యాంగము రాష్ట్రముల కిచ్చినది. వాడుకొన్న రాష్ట్రములు కొన్నియే. రైతుపై పన్ను వేయుమని మేము చెప్పుటలేదు. వేయవలసినంత మిగులు మనలో పెక్కురకు లేదు. పన్ను లేకున్నను లెక్క యుండవలెనని మాత్రమే చెప్పుచున్నాము. అంతేకాదు, పన్ను కట్టువారి లెక్కల ప్రచురణ గూడ 1999–2000 సంవత్సరపు లెక్కతో ఆగి, మఱల 2016లో గాని వెలువడలేదు.

మన వంతు తప్పు ఇది. ఈ సీమలో నొక మనుష్యునకు మూడు ఆదాయములు గలవు. తహసీల్దారు కచేరీలో ధ్రువపత్రమునకై చెప్పునది యొకటి. బ్యాంకులో అప్పునకై చెప్పునది రెండవది. కొడుకునకు సంబంధము వచ్చినపుడు వియ్యంకునితో చెప్పునది మూడవది. మొదటిది వేసవిలో కుందూవలె ఎండియుండును. రెండవది నడిమి ప్రవాహము. మూడవది మహానంది కోనేటివలె ఎల్లప్పుడు నిండియుండును. నిజమేదియని యడిగిన నాలుగవదియని చెప్పవలసివచ్చును. దేశము మొత్తమున నిదే తీరు. ప్రజల ఆదాయములను నేరుగా అడిగి వ్రాయుటకు 1950, 60 దశకములలో శాంపిలు సర్వేవారు ప్రయత్నించిరి. 1983–84లో మఱల ప్రయోగము చేసిరి. చెప్పిన ఆదాయము కంటె చేసిన ఖర్చును దాచిన సొమ్మును కలిసి ఎక్కువగా తేలుటచే ఆ పని విడిచిపెట్టిరి. దేశవ్యాప్తముగా కుటుంబముల ఆదాయములను విచారించు సర్వేను 2026లో జరుపుదుమని 2025లో కేంద్ర గణాంకశాఖ ప్రకటించెను. ముందుగా పరీక్షార్థము కొన్ని యిండ్లకు పోగా, అడుగబడినవారిలో అత్యధికులు ఇది గుట్టుగా నుంచవలసిన విషయమని తలంచిరట.

సోదరులారా! గుట్టు ఎవరిని కాపాడుచున్నదో యోజింపుడు. పై పదిమంది గుట్టును కాపాడుటకు లెక్కలు తెలిసిన ఆడిటర్లున్నారు. క్రింది యేబదిమంది గుట్టు వారినే ముంచుచున్నది. వాని కూలి యెంతయో వ్రాయబడనందుననే కూలిధర తక్కువైనను తెలియదు. కౌలు వ్రాయబడనందుననే పంట పోయినపుడు నష్టపరిహారము మఱియొకరి ఖాతాకు పోవును. హమాలీ సంపాదన వ్రాయబడనందుననే వాని ప్రాణము అగ్గువైపోవును.

కావున మూడు విన్నపములు. లెక్క వ్రాయువారు ఎన్నడు మీ గడప యెక్కినను, వియ్యంకునికి చెప్పునదియు తహసీల్దారునకు చెప్పునదియు గాక, నాలుగవ యాదాయమును చెప్పుడు. రెండవది, ఈ పఠనమందిరమున దినపత్రిక ప్రక్కన నొక పుస్తకము తెఱచి, ఈ ప్రాంతపు కూలిధర, కౌలు, వడ్డీ, ధాన్యపుధర నెలనెల వ్రాయుడు. పేరులక్కఱలేదు, అంకెలు చాలును. చదువుకొన్న యువకులకు ఇంతకంటె చవుకైన దేశసేవ మాకు తెలియదు. మూడవది, ఇకమీదట ఎవరైన వేదిక నెక్కి సగటు పెరిగినదని చెప్పినపుడు చప్పట్లకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: "క్రింది యేబదిమందికి ఎంత?"

మొదట చెప్పిన దావాను ముగించెదము. ఆ యాడుకూతురు ఒక దినము చెంగులో మూటగట్టి యొక చిన్న పుస్తకమును తెచ్చెను. హమాలీల మేస్త్రీ అందులో ఏ దినము ఎవరు ఎన్ని బస్తాలు మోసిరో పెన్సిలుతో వ్రాసియుండెను. చెమటతో కొన్ని పుటలు అంటుకొనిపోయినవి. దానికి ముద్ర లేదని ఎదుటి న్యాయవాది వాదించెను. మేస్త్రీ బోనెక్కి, వ్రాత తనదేనని, బస్తాలు వానివేనని చెప్పెను. ట్రిబ్యునలువారు పుస్తకమున తేలినంత ఇయ్యలేదు. కాని కంపెనీవారు ఊహించుమన్నదానికి రెట్టింపునకు పైగా ఇచ్చిరి. ఆ సొమ్ముతో ఆమె పెద్దబిడ్డ నంద్యాలలో చదువుకొనెను.

ఏ చట్టమును వ్రాయని యంకెను ఒక మేస్త్రీ పెన్సిలు వ్రాసెను. అట్టి పుస్తకములు ఇంటింట, పొలముపొలమున నుండునంత వఱకు సగటు రూపాయి యెవరి జేబులోనిదో మనకు తెలియదు. తెలిసిననాడు గాని న్యాయమైన పంపకమునకు దావా వేయలేము.

సెలవు.